రామసుబ్బమ్మ మాతృభాషపై విచారణ

మనిషి ఎగరడానికి కాళ్ళు చాలవని, అర్హత కూడా ఉండాలని నాగరికత చాలా ఆలస్యంగా కనిపెట్టింది. అంతకుముందు ఎగరగలిగినవాళ్ళంతా ఎవరినీ అడక్కుండా ఎగిరేసేవారు. ఆ అరాచకపు రోజులు తలుచుకుంటే విద్యార్హతా నిర్ధారణ కేంద్రం వారికి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఈ కేంద్రం దోహాలో మెసైమీర్ వైపు, ఒక పరుపుల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది. కొన్ని కాలేజీల జట్లు కలిసి ఒక సమాఖ్య పెట్టుకున్నాయి, ఆ సమాఖ్య ఈ కేంద్రాన్ని పెట్టింది. హైస్కూలు ముగించి కాలేజీ జట్టులో ఆడాలనుకునే పిల్లలు చదువులో అందుకు తగినవారా కాదా అని తేల్చడం దీని పని. ఉద్దేశం గొప్పదే. ఆటల ధ్యాసలో పడి పిల్లలు చదువు మరిచిపోకూడదని పెద్దల తాపత్రయం. (కేంద్రం పుట్టాక ఒక్క పిల్ల కూడా చదువు మరిచిపోలేదు. ఆటే, తీరిక లేక, కొంచెం మరుగున పడింది.) లోపలికి వెళ్ళగానే గోడ మీద వారి ఆదర్శ వాక్యం కనిపిస్తుంది: 'ముందు అర్హత, తరువాత ఆట.' ఆ గోడకు ఆనుకునే కుర్చీలు వేశారు. కనక అక్కడ కూర్చున్నవారికి ఆ వాక్యం కనిపించదు, నిలబడ్డవారికి మాత్రమే కనిపిస్తుంది. అక్కడ నిలబడేవారే ఎక్కువ.

ఈ కేంద్రంతో నాకు పరిచయం కలిగింది మా పక్కింటి శివకుమారి వల్ల.

మేముండేది దోహాకు దక్షిణంగా ఉన్న మెసయీద్‌లో, కంపెనీ ఇచ్చిన క్వార్టర్లలో. శివకుమారి నాన్న నాగూర్ ఎరువుల ఫ్యాక్టరీలో క్రేన్ల సూపర్‌వైజరు. నెమ్మదస్తుడు. టన్నుల బరువులు గాల్లో ఊగుతుంటే కింద నిలబడి "రొంత కుడికి, రొంత కుడికి" అని వేలితో చూపించి దించేవాడికి ఉండే నెమ్మది అది. అమ్మ రామసుబ్బమ్మ. ఆమెకు ఆ నెమ్మదితో సంబంధం లేదు. వాళ్ళది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. శివకుమారి ఒక్కతే కూతురు. పన్నెండో తరగతి అప్పుడే అయింది. పొడగరి. వాలీబాల్ ఆడుతుంది.

ఆడుతుంది అంటే సరిపోదు. కంపెనీ వాళ్ళ కుటుంబ దినోత్సవం నాడు సరదాగా పెట్టిన మ్యాచిలో ఆ పిల్ల గాల్లోకి లేచి కొట్టిన ఒక స్మాష్‌కు అవతలి జట్టులోని మా హెచ్ఆర్ మేనేజరు బంతిని వదిలేసి తలను కాపాడుకున్నాడు. ఆ రోజు అతిథిగా వచ్చిన ఉమేరా ఆ దెబ్బ చూసింది. ఉమేరా హైదరాబాద్ ఆమె. దోహాలో ఒక విశ్వవిద్యాలయం అమ్మాయిల జట్టుకు కోచ్. మ్యాచ్ అయిపోగానే నేరుగా నాగూర్ దగ్గరికి వచ్చింది.

"భయ్యా, ఈ పిల్లను నాకిచ్చెయ్యండి. సీటు నేనిప్పిస్తా, ఫీజు మాఫీ. ఒక్కటే, సెంటర్ వాళ్ళు ఎలిజిబుల్ అనాలె."

నాగూర్‌కు కళ్ళు చెమర్చాయి. లేకపోతే శివకుమారిని డిగ్రీకి తిరుపతిలో హాస్టల్‌కు పంపాలని అనుకుంటున్నారు. అక్కడ వాలీబాల్ ఉంటుందో లేదో తెలియదు, అమ్మానాన్నలు మాత్రం ఉండరు. ఇక్కడైతే అన్నీ ఉంటాయి. 'ఎలిజిబుల్' అన్న మాట ఆ సంతోషంలో ఎవరికీ పెద్దగా వినపడలేదు.

కేంద్రం వారిది ఒక యాప్ ఉంది. అందులో మార్కులు ఎక్కించాలి. శివకుమారికి అన్నిటికంటే ఎక్కువ మార్కులు వ్యాయామ విద్యలో వచ్చాయి. యాప్ వాటిని ఎర్రగా కొట్టేసింది. వ్యాయామ విద్య ప్రధాన విషయం కాదట. (క్రీడాకారుల అర్హతలో క్రీడను లెక్కలోకి తీసుకుంటే క్రీడాకారులకు అన్యాయంగా లాభం చేకూరుతుందని నిబంధనావళి ముందుమాటలో వివరించారు.) గణితం, సైన్సు, ఇంగ్లీషు ఆకుపచ్చగా వెలిగాయి. ఆఖరున 'అదనపు భాష' అని ఒక గడి మిగిలింది. విద్యార్థి హైస్కూలు చదువులో తన ఇంటి భాష కాని మరొక భాష నేర్చి ఉండాలి. ఇంగ్లీషు వేరే గడిలో అయిపోయింది. అరబ్బీ ఎనిమిదో తరగతితోనే ఆగిపోయింది, హైస్కూలుకు రాలేదు. మిగిలింది రెండో భాషగా చదివిన తెలుగు.

నాగూర్ తెలుగు అని నింపాడు. వెంటనే యాప్ అడిగింది: ఇది మీ మాతృభాషా?

నాగూర్ ఛాతీ విరుచుకుని 'అవును' నొక్కాడు.

గడి ఎర్రబడింది.

అలా మేం మెసైమీర్ వెళ్ళాం. మేం అని ఎందుకన్నానంటే, ఇంటి భాష గురించిన ఏ వ్యవహారానికైనా పొరుగింటి సాక్షి ఒకరు వెంట ఉండాలని నిబంధన. మాది ఒంగోలు. సీమవాళ్ళ మాటా తెలుస్తుంది, కోస్తావాళ్ళ మాటా తెలుస్తుంది, ఇద్దరూ నన్ను తమవాడని అనుకోరు. సాక్షికి ఇంతకంటే ఏం కావాలి?

కౌంటరులో ఫసీయుద్దీన్ అనే ఆయన ఉన్నాడు. నిజామాబాద్ జిల్లా బోధన్ మనిషి. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు. మా ముఖాలు చూడగానే కుర్చీలు లాగి కూర్చోబెట్టాడు. ఆ కేంద్రంలో ఇంకెవరూ అలా చేయరు.

"గట్ల కాదన్నా," అన్నాడు నాగూర్‌తో. "అమ్మ దగ్గర నేర్చుకున్న భాష చదువు కిందికి రాదు. అది ముఫ్త్‌ల వచ్చింది. ముఫ్త్‌ల వచ్చిందానికి మార్కులేంది అంటున్నది రూలు. పరాయి భాషను కష్టపడి నేర్చుకోవాలె."

"నా బిడ్డ కష్టపడే నేర్చుకునింది సార్. సంధులూ సమాసాలూ రాక ఎంత ఏడ్చిందో తెలుసునా?"

"ఏడ్చినట్టు స్కూలోళ్ళు ఏమన్నా రాసిచ్చిండ్రా?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. అలాంటి ధ్రువపత్రానికి నిజంగానే ఒక నమూనా ఉంది.

నాగూర్ లేదన్నాడు. ఫసీయుద్దీన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంకొక తొవ్వ ఉన్నది. ఆమెకు తెలుగు రాదు, ఇంట్ల తెలుగు మాట్లాడదు అని అక్క ఒక్క సంతకం పెడితే చాలు. అమ్మకు రాని భాష మాతృభాష కాదు గదా. గడి పచ్చగయితది."

అక్క, అంటే రామసుబ్బమ్మ, అప్పటిదాకా గోడమీది ఆదర్శ వాక్యం కిందే కూర్చుని ఉంది. మెల్లగా తల తిప్పింది.

"నాకు తెలుగు రాదా?"

"రాదని కాదక్కా, రాదని రాసిస్తే..."

"నేనేమన్నా మూగదాన్నా? ఇప్పుడు నేన్ మాట్లాడతాండేది ఏంది? చైనావోళ్ళదా?"

ఫసీయుద్దీన్ దానికి జవాబు చెప్పలేదు. ఆయనకు తెలుగు వచ్చుగాని, వచ్చినట్టు నియామకపు ఉత్తర్వు లేదు. కనక ఆమె మాట్లాడినది ఏ భాషో ఆయన అధికారికంగా గుర్తుపట్టకూడదు.

సంతకం లేకపోతే మిగిలిన దారి మాతృభాషా విచారణ. తల్లి స్వయంగా కేంద్రం వారి విచారణ సంఘం ముందుకు రావాలి, ఒక భాషా నిపుణుడు ఆమెతో మాట్లాడి ఆమెది ఏ భాషో తేలుస్తాడు. విచారణ తేదీ తీసుకుని ఇంటికొచ్చాం. జట్టు పేర్లు పంపడానికి ఆ వారమే ఆఖరని ఉమేరా ఫోన్ చేసింది.

ఆ సాయంత్రం గోడ అవతల గొడవ నాకు వినపడింది. (సాక్షిగా వినడం నా విధి.)

"ఒగ్గ సంతకం మా," అంటోంది శివకుమారి. "పెట్టినంత మాత్రాన నీ మాట యాడికన్నా పోతాదా? నోట్లోనే ఉంటాది గదా."

"నువ్వు పుట్టినప్పట్నుంచి నీతో మాట్లాడింది ఏ మాటల్తో అని రేప్పొద్దున ఎవురన్నా అడిగితే ఏం చెప్తావు పాపా? మా యమ్మకు మాటల్లేవు అని చెప్తావా?"

"ఎవురు అడుగుతారుమా ఈడ? నిన్ను ఎవురడుగుతారు?"

శివకుమారి మళ్ళీ మాట్లాడింది, ఈసారి గొంతు చిన్నదైంది. "నేను ఇంగ దేంట్లోనూ బాగుండను మా. లెక్కల్లో అంతంతే, ఇంగ్లీషు అంతంతే. దీంట్లో ఒగ్గ దాంట్లోనే బాగుంటా. తిరపతికి పోతే అదీ ఉండదు."

ఆ తర్వాత గిన్నెలు కడుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. మర్నాడు పొద్దున నాగూర్ నా దగ్గరికి వచ్చి రాజీ కుదిరిందన్నాడు.

"అబద్ధం చెప్పదంట, సంతకం పెట్టదంట. ఆడికి వచ్చి నోరు తెరవకుండా గమ్మున కూచుంటాదంట. మాట్లాడకపోతే ఏ బాసో వాళ్ళకెట్ల తెలుస్తాది? అదీ ప్లాను."

"మంచిదే కదా నాగూర్."

"మంచిదే అన్నా," అన్నాడు దిగులుగా. "గానీ పెండ్లయినప్పట్నుంచి ఆయమ్మ గమ్మునుండేది నేనింతవరకూ చూడల్యా."

విచారణ నాడు హాలులో ఎత్తు బల్ల వెనక అధ్యక్షులవారు కూర్చున్నారు. ఆయనకు ఏడెనిమిది భాషలు వచ్చు, వాటిలో మన దేశానివి లేవు. అదే ఆయన నిష్పాక్షికతకు ఆధారం. ఆయన పక్కన భాషా నిపుణులు శ్రీరామమూర్తి గారు. ఆయనది రాజమండ్రి. ఒక లాజిస్టిక్స్ కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. తెలుగు సంఘం సభల్లో పద్యాలు రాగయుక్తంగా చదువుతారు, మధ్యమధ్య తేట తెలుగు అంతరించిపోతోందని బాధపడతారు. ఆ బాధ విన్న కేంద్రం వారు ఆయనను నిపుణుల పట్టికలో చేర్చారు.

ముందు శ్రీరామమూర్తి గారు నన్ను పిలిచారు.

"మీరు పక్కింటివారు. ఈమె ఇంట్లో ఎలా మాట్లాడతారు?"

"బిగ్గరగానండి," అన్నాను.

రాసుకున్నారు. నా సాక్ష్యం ముగిసింది.

తర్వాత రామసుబ్బమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఇస్త్రీ చీర, ఒళ్ళో చేతులు, పెదాలు బిగించి ఉంది. వెనక వరసలో శివకుమారి గోళ్ళు కొరుక్కుంటోంది. ఉమేరా కూడా వచ్చింది, ట్రాక్‌సూట్‌తోనే.

శ్రీరామమూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, నమస్కారం. తమ స్వస్థలమేదో సెలవిస్తారా?"

రామసుబ్బమ్మ మాట్లాడలేదు.

"తమరు ఇంట సంభాషించు భాష ఏది?"

మాట్లాడలేదు. నాగూర్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కౌంటరు తలుపులోంచి తొంగి చూస్తున్న ఫసీయుద్దీన్ బొటనవేలు పైకెత్తాడు.

శ్రీరామమూర్తి గారు చాలా ప్రశ్నలు అడిగారు. వంటల గురించి, పండుగల గురించి, చివరికి వాతావరణం గురించి. రామసుబ్బమ్మ వాటన్నిటినీ క్రేన్ కింద నిలబడ్డ నాగూర్ లాగా, కదలకుండా, దాటనిచ్చింది. అధ్యక్షులవారు 'భాష: లభ్యం కాలేదు' అని రాసుకోవడానికి కలం తీశారు. ఇంకొక్క క్షణం గడిస్తే అంతా అయిపోయేది.

కానీ శ్రీరామమూర్తి గారు మంచి మనిషి. మంచి మనుషులు కాగితాలు సర్దుకునేటప్పుడు ఊరికే ఉండలేరు. తండ్రి లాంటి చనువుతో నవ్వి అన్నారు: "పోనీలెండమ్మా. అయినా ఒక్క మాట. ఎదిగిన ఆడపిల్లకు ఈ గెంతులెందుకండీ? చక్కగా చదువుకుని నీడపట్టున ఉండక."

రామసుబ్బమ్మ లేచి నిలబడింది.

"గెంతులా? ఎవురయ్యా గెంతేది? ఏం మాట్లాడతాండావు నువ్వు? నా బిడ్డ లేసి కొడితే బంతి యాడ పడతాదో నీ కండ్లకు ఆనను గూడా ఆనదు. ఈ ఎండల్లో తెల్లార్తోనే లేసి, రొంత బువ్వ నోట్లో యేసుకోని పోతాది. చేతులు చూసినావా దానివి? బొబ్బలు. కాలు బెణికి ఇంతలావు వాసినా ఒగ్గ మాట అనల్యా నాతో, అంటే యాడ ఆడొద్దంటానో అని. గెంతులంట గెంతులు! శానా చదువుకున్న మాదిరి ఉండావే, ఆడబిడ్డ కష్టం గెంతుల మాదిరి కనపడతాందా నీకు? ఇంగొగ తూరి ఆ మాట అను, చూస్తా. ఈడనుంచి పోయేది నేనా నువ్వా తేల్చుకుందాం!"

కింద పరుపుల దుకాణంలో ఎవరో దిండు దులుపుతున్న చప్పుడు వినిపించింది. శివకుమారి ముఖం చేతుల్లో దాచుకుంది. ఉమేరా కళ్ళు మూసుకుని, "హోగయా," అంది. నాగూర్ నా చెయ్యి వదిలేశాడు.

అధ్యక్షులవారు ఎంతో ఆసక్తిగా ముందుకు వంగి ఇంగ్లీషులో అడిగారు. "నిపుణులవారూ, ఈమె ఇప్పుడు మాట్లాడినది తెలుగేనా?"

శ్రీరామమూర్తి గారి ముఖం ఎర్రబడింది. అంతమందిలో అన్ని మాటలు ఆయన ఎప్పుడూ పడలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. మనిషిగా నొచ్చుకున్నారని అందరికీ తెలుస్తూనే ఉంది. మాట్లాడింది మాత్రం నిపుణుడు.

"అయ్యా, తెలుగు నాకు తెలుసు. 'గమ్మున', 'తూరి', 'రొంత', 'ఉండావు' లాంటివి గ్రంథాల్లో కనపడవు. క్రియలు ఒక్కటీ సరిగ్గా లేవు. అక్కడక్కడా తెలుగు పోలికలున్న మాట నిజమే. కానీ ఇది తెలుగు అని సంతకం పెట్టడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు."

('గమ్మున' అన్న మాట ఆ రోజు ఆమె అసలు అనలేదు. ఆమె గమ్మున ఉండలేకపోవడమే అసలు సమస్య. కానీ నిపుణుడి జాబితాను సాక్షి సవరించకూడదు.)

"అంటే ఇంటి భాష తెలుగు కాదు," అన్నారు అధ్యక్షులవారు.

"కాదండి."

"కాబట్టి ఈ విద్యార్థిని బడిలో నేర్చిన తెలుగు అదనపు భాష."

శ్రీరామమూర్తి గారు తలెత్తారు. తానేం చేశారో అప్పుడే తెలిసినట్టుంది. "సాంకేతికంగా... అవునండి."

"అర్హురాలు," అని అధ్యక్షులవారు ముద్ర వేశారు.

ఉమేరా ఎగిరి గంతేసింది. నాగూర్ ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు, బహుశా అది తెలుగేనని చెప్పడానికే. ఫసీయుద్దీన్ పరుగున వచ్చి ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. "చుప్ ఉండుండ్రి అన్నా, గెలిచిండ్రు మీరు!"

రామసుబ్బమ్మకు ఎవరో విషయం చెప్పారు. ఆమె శ్రీరామమూర్తి గారి వైపు చూసింది. కోపంగా కాదు. ఊళ్ళో తెలిసినవాడే ఎదురుపడి, నువ్వెవరని అడిగితే ఎలా చూస్తారో అలా చూసింది.

"నేను అప్పీలు చేస్తా," అంది.

కేంద్రం చరిత్రలో గెలిచిన తీర్పు మీద అప్పీలు అడిగింది ఆమె ఒక్కతే. నిబంధనలు తిరగేశారు. అప్పీలు చేసేవారు తమ మాతృభాషలో స్వయంగా విన్నవించుకోవాలి. ఆమె మాతృభాష తెలుగు కాదని తేలింది కనక తెలుగులో విన్నవించుకోరాదు. ఆమె మాట్లాడే భాషకు పేరు నమోదు కాలేదు కనక అందులోనూ కుదరదు. ఫసీయుద్దీన్ ఇదంతా ఆమెకు చాలా మర్యాదగా వివరించాడు. తెలుగులోనే.

మెసయీద్ తిరుగు ప్రయాణంలో కారు నాగూర్ నడుపుతున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. వెనక సీట్లో రామసుబ్బమ్మ అద్దంలోంచి ఇసుకను చూస్తోంది. ఈసారి ఆమె నిజంగానే గమ్మున ఉంది. ఆమెకు అలవాటు లేని పని అది, చూడటానికి మాకూ కష్టంగానే ఉంది. ఊరు దాటాక శివకుమారి అంది:

"మా."

రామసుబ్బమ్మ ఇసుక మీంచి చూపు తిప్పలేదు.

"మా, నువ్వాడ మాట్లాడింది తెలుగు కాదంట గదా."

"అంటనే ఉండారు గదా."

"మరి నాకెందుకుమా ఏడుపొచ్చింది?"

ముందున్న చిన్న అద్దంలోంచి వెనక్కి చూశాను. రామసుబ్బమ్మ కూతురి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, బొబ్బల మీద బొటనవేలితో రాస్తోంది. "మొగం తుడుచ్చుకో. రేపు ఆటకు పోవల్ల గదా," అంది. నాగూర్ దారి పక్కన కారు ఆపి, ఇంజను వేడెక్కిందని చెప్పి కిందికి దిగాడు. ఇంజను వేడెక్కలేదు.

శివకుమారి కాలేజీలో చేరింది. మొదటి సీజన్లోనే జట్టును ఫైనల్ దాకా లాక్కెళ్ళింది, ఫైనల్లో ఓడిపోయారు. పత్రిక వాళ్ళు ఫోటో వేశారు. ఆమె అర్హతా పత్రం మీద మాతృభాష అన్నచోట 'వర్తించదు' అని ఉంటుంది. తక్కినదంతా సవ్యంగానే ఉంది.

ఆ తీర్పు సంగతి మనవాళ్ళలో పాకింది. ఖతార్ పడమటి కొసన ఉన్న దుఖాన్ నుంచి అనంతపురం కుటుంబం ఒకటి వచ్చింది, వాళ్ళదీ తెలుగు కాదని తేలింది. కరీంనగర్ వాళ్ళు వచ్చారు. 'పోయిండు', 'వచ్చిండు' విని శ్రీరామమూర్తి గారు నొచ్చుకుని తల అడ్డంగా ఊపారు. పిల్లలు స్వీట్లు పంచుకున్నారు. శ్రీకాకుళం వాళ్ళయితే ఒక్క వాక్యంలోనే అర్హత సంపాదించారు. ఎవరికీ నష్టం లేదు కదా, పిల్లలు ఆడుకుంటున్నారు. సంవత్సరం తిరిగేసరికి ఖతార్ మొత్తం మీద, కేంద్రం రికార్డుల ప్రకారం, తెలుగు మాట్లాడే కుటుంబం ఒక్కటే మిగిలింది. అది శ్రీరామమూర్తి గారిది.

ఆయన కూతురు శ్యామల బ్యాడ్మింటన్ ఆడుతుంది. ఆమె కూడా ఆ ఏడు దరఖాస్తు పెట్టింది. సొంత బిడ్డ వ్యవహారంలో తండ్రి నిపుణుడుగా ఉండరాదు కనక ఆయన పేరు పట్టికలోంచి తీసేశారు. కొత్త నిపుణుడు వచ్చి, ఆ ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు కూడా వ్యాకరణం తప్పడం లేదని, అది ఏ సందేహమూ లేని తెలుగని రాశాడు. గడి ఎర్రబడింది.

ఒక శుక్రవారం సాయంత్రం నేను నాగూర్ ఇంట్లో ఉండగా తలుపు చప్పుడైంది. శ్రీరామమూర్తి గారు. చేతిలో స్వీటు పెట్టె, వెనక శ్యామల. ఆ పిల్ల తండ్రి భుజం చాటున దాక్కోవాలని చూస్తోందిగాని తండ్రికంటే పొడుగు.

"బాగున్నారా అమ్మా," అన్నారాయన. "మళ్ళీ విచారణ అడిగామండి. ఈసారి అమ్మాయి మాటనే పరీక్షిస్తారట. అందుకని... మీరు ఏమీ అనుకోకపోతే... మా శ్యామలకు కొంచెం నేర్పిస్తారేమోనని."

"ఏం నేర్పీల్ల?" అంది రామసుబ్బమ్మ.

"అదేనండి. మీరు మాట్లాడేది."

"దానికి పేరుండాదా సార్?"

ఆయన స్వీటు పెట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. రామసుబ్బమ్మ తలుపు వెయ్యలేదు, పక్కకు జరగనూ లేదు. లోపల శివకుమారి మోకాలికి కట్టు కట్టుకోవడం ఆపి చూస్తోంది. శ్యామల మాత్రం నాన్నను కాకుండా ఆ మోకాలిని చూస్తోంది. ఆ పిల్ల మోకాలికీ అలాంటి కట్టే ఉంది.

"తెలుగేనమ్మా," అన్నారు శ్రీరామమూర్తి గారు చివరికి. గొంతు సవరించుకోలేదు, రాగం కూడా లేదు. "మంచి తెలుగు. ఆ రోజు నాకు పౌరుషం వచ్చి అలా అన్నాను."

"లోపలికి రాండి," అంది రామసుబ్బమ్మ. "ఎంతసేపని నిలబడతారు గడపలో? దా పాపా, కూచ్చో. టీ తాగి మొదలుపెడదాం. శానా కష్టమేం కాదు, నోరు రొంత గట్టిగా తెరవల్ల, అంతే."

'తెలుగేనమ్మా' అన్న మాట శ్రీరామమూర్తి గారి నోట మేమందరం చెవులారా విన్నాం. అయితే అప్పటికి ఆయన పేరు నిపుణుల పట్టికలో లేదు కనక అది చెల్లదు.